వర్జిన్ ఆఫ్ ది రాక్స్: ఒక ఒప్పందానికి రెండు బొమ్మలు ఎందుకొచ్చాయి?

ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఒకటుంది, లండన్ నేషనల్ గ్యాలరీలో ఇంకొకటి. రెండింటిలోనూ అదే చీకటి గుహ, అవే రాళ్లు, నేల మీద అదే వరసలో కూర్చున్న నలుగురు. నడుమ మరియమాత. ఆమె కుడిచేయి స్నాపక యోహాను బాలుడి వీపు మీద ఉంటుంది, ఎడమచేయి బాల యేసు తలపైన గాలిలో తెరుచుకుని ఉంటుంది. యేసు పక్కన దేవదూత. లియొనార్డో డావిన్సీ పేరుతో నిలిచిన ఈ జంట చిత్రాల గురించి ఎవరైనా మొదట అడిగేది 'ఏది అసలు, ఏది నకలు' అనే. ఆ ప్రశ్న పట్టుకుని బయల్దేరితే కేసు తెగదు. పని చేసే ప్రశ్న వేరు: చేతిలో ఉన్న ఒక్కో కాగితం, ఈ రెండు బొమ్మల్లో దేని గురించి మాట్లాడుతోంది?

ఎందుకంటే ఈ కేసులో కాగితాలకు కొదవ లేదు. ఒప్పందం ఉంది, ఫిర్యాదు ఉంది, రాజుగారి జోక్యం ఉంది, మధ్యవర్తుల తీర్పు ఉంది, చెల్లింపు రసీదులున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ 'మేము చెప్పేది ఫలానా పలక' అనదు. 1483లో రాసిన వాళ్లకు ఆ అవసరం లేదు, వాళ్ల దృష్టిలో బొమ్మ ఒకటే కనుక.

ముందు కొలతలు. లూవ్ర్ బొమ్మ 199 × 122 సెంటీమీటర్లు, ఇప్పుడు కాన్వాస్ మీద ఉంది. లండన్ బొమ్మ 189.5 × 120, పోప్లర్ చెక్క పలక మీద. రెండింటికీ పైభాగం కమాను ఆకారం. ఎత్తులో తేడా తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. పక్కపక్కన ఫొటోలు పెట్టి పోల్చేవాళ్లు ఎక్కువగా ఇక్కడే బోల్తా పడతారు. పుస్తకాల్లో, వెబ్‌లో రెండింటినీ ఒకే ఎత్తుకు సర్ది వేస్తారు. అలా వేసిన బొమ్మల మీద స్కేలు పెట్టి 'ఈ తల ఆ తలకంటే పెద్దది' అనడం వృథా. ముందు అసలు కొలతలకు తిప్పుకోవాలి, ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి పరచాలి. మొత్తం బొమ్మను ఒకేసారి పరచకూడదు, ఒక్కో మనిషిని విడిగా పరచాలి. ఎందుకంటే అట్ట మీద గీసిన మూలచిత్రాన్ని ముక్కలుగా వాడి, మనుషుల మధ్య దూరం మార్చడం ఆనాటి వర్క్‌షాపుల్లో మామూలే.

ఒప్పందంలో ఉన్నది, బొమ్మలో లేనిది

మిలాన్‌లో సాన్ ఫ్రాన్చెస్కో గ్రాందె అనే చర్చి ఉండేది. అందులో మరియమాత నిష్కళంక జననానికి అంకితమైన ఒక భక్తసమాజానికి సొంత చాపెల్ (చర్చి లోపలి చిన్న ప్రార్థనా మందిరం) ఉంది. మరియమాత జన్మపాపం అంటకుండా గర్భంలో పడిందన్న ఈ భావన మీద ఆ రోజుల్లో చర్చి లోపలే గట్టి తగాదా నడుస్తోంది. డొమినికన్లు, ఫ్రాన్సిస్కన్లు అనే రెండు సన్యాసి సంఘాల్లో మొదటివాళ్లు కాదన్నారు, రెండోవాళ్లు ఔనన్నారు. 1476లో పోప్ నాలుగో సిక్స్‌టస్ ఆ పండుగకు ఆమోదం ఇచ్చాడు. మన తెలుగు కథోలికులు డిసెంబర్ 8న జరుపుకునే నిష్కళంక మాత పండుగ అదే. ఆ తేదీ ఈ కేసులో మళ్లీ వస్తుంది.

1480 ఏప్రిల్ 8న భక్తసమాజం జాకొమో దెల్ మైనో అనే చెక్కపనివాడికి బలిపీఠం పైన నిలిపే పెద్ద చట్రాన్ని అప్పగించింది. చట్రం అంటే ఫొటోఫ్రేము అనుకోకూడదు. అంతస్తులుగా లేచే నిర్మాణం అది, చెక్కిన విగ్రహాలు, ఉబ్బెత్తు దృశ్యాలు, నడుమ బొమ్మలు బిగించడానికి గూళ్లు. మన రథాల మీది చెక్కపని చూసినవాళ్లకు ఊహించుకోవడం తేలిక. 1482 నాటికి చెక్కపని తెమిలింది. ఇక మిగిలింది రంగు, బంగారు పూత, చదును పలకల మీద బొమ్మలు.

1483 ఏప్రిల్ 25న నోటరీ ముందు ఒప్పందం రాసుకున్నారు. ఒకవైపు భక్తసమాజం, మరోవైపు ముగ్గురు: ఫ్లారెన్స్ నుంచి కొత్తగా వచ్చిన లియొనార్డో, మిలాన్‌కే చెందిన అన్నదమ్ములు ఆంబ్రోజియో, ఎవాంజెలిస్తా దె ప్రెదిస్. మొత్తం 800 లీరాలు. మే 1న 100 లీరాలు, జూలై నుంచి నెలకు 40. పని పూర్తయ్యాక బొమ్మ తీరు చూసి బోనస్ ఎంతో నిర్ణయిస్తామన్నారు. గడువు అదే ఏడాది డిసెంబర్ 8, పండుగ రోజు.

ఈ అంకెలు ఒకసారి కూడి చూడాలి. 800లో 100 పోగా 700, నెలకు 40 చొప్పున పదిహేడున్నర నెలలు. అంటే డబ్బు 1484 చివరిదాకా సాగుతుంది. పనికి ఇచ్చిన గడువేమో ఏడున్నర నెలలు. వాయిదాలు గడువును దాటి ఏడాది ముందుకు పోతున్నాయి. పనివాళ్లు గడువు తప్పారని ఊరికే నిందించే ముందు ఇది గుర్తుంచుకోవాలి. డబ్బు మెల్లగా వచ్చే పని వేగంగా తెమలదని ఇల్లు కట్టించినవాళ్లందరికీ తెలుసు.

ఆ ఒప్పందానికి ఒక జాబితా జతచేశారు. ఏ దుస్తుకు ఏ రంగు, ఎక్కడ బంగారం, ఎక్కడ మేలిరకం అల్ట్రామెరీన్ నీలం అని వివరంగా ఉంటుంది. ఆ నీలం ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చే లాపిస్ లాజులీ రాయిని నూరి తీసేది, అందుకే పేరు పెట్టి మరీ రాశారు. నడిమి పలక గురించి కోరింది మరియమాత, ఆమె కుమారుడు, దేవదూతలు, ఇద్దరు ప్రవక్తలు. పక్క పలకల్లో పాడుతూ, వాయిస్తూ ఉండే దేవదూతలు.

ఇప్పుడు బొమ్మలు చూడండి. రెండింటిలోనూ ప్రవక్తలు లేరు. దేవదూత ఒక్కడే. జాబితాలో లేని బాల యోహాను వచ్చి కూర్చున్నాడు. అంటే వచన జాబితా పట్టుకుని 'లూవ్ర్‌దే ఒప్పందపు బొమ్మ', 'లండన్‌దే ఒప్పందపు బొమ్మ' అని తేల్చే వీల్లేదు. ఒప్పందానికి రెండూ సమానంగా దూరమే. కొందరు ఈ దూరాన్ని చూసి, లూవ్ర్ బొమ్మ అసలు ఈ ఒప్పందానికి సంబంధించినదే కాదని, వేరే ఎవరి కోసమో ముందే వేసిందని వాదించారు. ఆ వాదన నిలబడదు. జాబితా నుంచి తప్పుకోవడం కారణమైతే లండన్ బొమ్మను కూడా కొట్టెయ్యాలి. కానీ లండన్ బొమ్మ ఆ చాపెల్ నుంచే వచ్చిందనడానికి తెగని గొలుసు ఉంది.

గుడ్డివాళ్లు, రంగులు, వంద డ్యూకట్లు

కేసు మొత్తం తిరిగేది తర్వాతి కాగితం మీద. దాని మీద తేదీ లేదు, అదే చిక్కు. లియొనార్డో, ఆంబ్రోజియో ఇద్దరూ మిలాన్ పాలకుడికి పెట్టుకున్న అర్జీ అది. మూడోవాడైన ఎవాంజెలిస్తా అందులో లేడు. అతను 1490-91 ప్రాంతంలో చనిపోయాడు. కనుక అర్జీ ఆ తర్వాతదే, సాధారణంగా 1491-94 మధ్య పెడతారు. తేదీ లేని కాగితానికి తేదీ కట్టే పద్ధతి ఇది: ఎవరు సంతకంలో ఉన్నారన్నది ఎంత ముఖ్యమో, ఎవరు లేరన్నదీ అంతే ముఖ్యం.

అర్జీలోని లెక్క ఇదీ. నాలుగు లీరాలు ఒక డ్యూకట్. ఇచ్చిన 800 లీరాలు చట్రం పనికే అయిపోయాయి. నూనెరంగుల్లో వేసిన మరియమాత బొమ్మకు ఫ్లారెన్స్ వాడికి విడిగా 100 డ్యూకట్లు రావాలి. సమాజం వాళ్లు 25 ఇస్తామంటున్నారు. అంటే 400 లీరాలు అడిగితే 100 ఇస్తామన్నారు. విలువ కట్టడానికి తెలిసినవాళ్లను పెట్టండి, గుడ్డివాళ్లు రంగుల గురించి తీర్పు చెప్పకూడదు కదా అని ఒక దెబ్బ వేశారు. ఆ తర్వాత వచ్చే మాటే అసలు మాట: డబ్బు ఇవ్వకపోతే బొమ్మ మాకు తిరిగి ఇచ్చెయ్యండి, 100 డ్యూకట్లకు కొనేవాళ్లున్నారు.

ఈ ఒక్క వాక్యంలో రెండు విషయాలు తేలుతున్నాయి. అర్జీ నాటికి బొమ్మ ఉంది, విలువ కట్టగలిగినంత పూర్తయింది. కొనేవాడూ ఉన్నాడు. మొదటి బొమ్మ చాపెల్‌కు దక్కకుండా అమ్ముడుపోయి, దాని బదులు రెండోది మొదలైందన్న వివరణకు ఆధారం ఇదే. అమ్మకపు పత్రం మాత్రం లేదు. దీన్ని రుజువైన విషయంగా రాయడం తప్పు, ఉన్నవాటిలో అన్ని కాగితాలతో పొసిగే వివరణగా రాయడం సరి.

ఎవరు కొన్నారన్న దాని మీద రెండు ఊహలు తిరుగుతుంటాయి. మిలాన్ పాలకుడు లుదొవికో స్ఫోర్జా 1493లో తన అన్నకూతురు బియాంకా మరియా పెళ్లి సందర్భంగా చక్రవర్తి మాక్సిమిలియన్‌కు కానుకగా పంపాడన్నది ఒకటి. మిలాన్ గెలిచిన ఫ్రాన్స్ రాజు పన్నెండో లూయీ పట్టుకుపోయాడన్నది రెండోది. రెండింటికీ కాగితం లేదు. గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే: 1625లో ఇటలీ పండితుడు కాస్సియానో దల్ పొత్సో ఫ్రాన్స్ రాజుల ఫాంతెన్‌బ్లో భవనంలో ఆ బొమ్మను చూసి రాశాడు. లూవ్ర్ బొమ్మ చరిత్ర కాగితం మీద మొదలయ్యేది అక్కడే. దాని వెనక నూట నలభై ఏళ్ల ఖాళీ.

తగాదా మాత్రం ఆగలేదు. 1499 డిసెంబర్‌లో లియొనార్డో మిలాన్ వదిలి వెళ్లాడు. 1503లో ఆంబ్రోజియో మళ్లీ అర్జీ పెట్టాడు, ఈసారి కొత్త ప్రభువైన పన్నెండో లూయీకి. 1506 ఏప్రిల్ 27న మధ్యవర్తులు తీర్పిచ్చారు: బొమ్మ అసంపూర్ణంగా ఉంది, లియొనార్డో రెండేళ్లలో పూర్తి చెయ్యాలి, పూర్తయ్యాక ఇంకో 200 లీరాలు ఇవ్వాలి. అడిగిన 400కు సగం. 1507 ఆగస్టులో 100, 1508 అక్టోబర్‌లో మిగతా 100 ముట్టాయి.

అర్జీలో ఉన్న బొమ్మ అమ్మకానికి సిద్ధం. పన్నెండు పదిహేనేళ్ల తర్వాత తీర్పులో ఉన్న బొమ్మ అసంపూర్ణం. రెండూ ఒకటే బొమ్మ అనుకుంటే ఈ రెండు మాటల్నీ కలపడం కష్టం. రెండు వేర్వేరు బొమ్మలనుకుంటే చిక్కు విడిపోతుంది. తీర్పు మాట్లాడింది లండన్ బొమ్మ గురించి.

ఇవాళ్టి నుంచి వెనక్కి కట్టుకెళ్లిన గొలుసు

యాజమాన్య చరిత్ర కట్టేటప్పుడు ఇవాళ బొమ్మ ఉన్న చోటి నుంచి వెనక్కి నడవాలి. పుట్టిన చోటి నుంచి ముందుకు నడిస్తే దారిలో దొరికిన ప్రతి 'మరియమాత బొమ్మ' మనదే అనిపిస్తుంది.

లండన్ బొమ్మకు ఆ గొలుసు ఇలా వస్తుంది. 1880లో నేషనల్ గ్యాలరీ సఫోక్ ఎర్ల్ నుంచి 9,000 గినీలకు కొంది. అంతకు ముందు అది లాన్స్‌డౌన్ ప్రభువు దగ్గర ఉంది. ఆయనకు ముందు గావిన్ హామిల్టన్ అనే స్కాటిష్ చిత్రకారుడు, వ్యాపారి కూడా. అతను 1785లో మిలాన్‌లో కొన్నాడు. అమ్మింది ఎవరంటే, భక్తసమాజాన్ని 1781లో రద్దు చేశాక దాని ఆస్తులు చేరిన సాంతా కతెరీనా అల్లా రువోతా సంస్థ. అంటే చాపెల్ నుంచి లండన్ దాకా నడుమ ఒక్క లంకె తెగలేదు. ఈ కేసులో అన్నిటికంటే బలమైన ఆధారం ఇదే. శైలి గురించి ఎంత పెద్దవాళ్లు ఏమన్నా దీన్ని కదపలేరు.

పక్క పలకల దేవదూతలు కూడా 1898లో అదే గ్యాలరీకి చేరాయి. ఒక్కోటి సుమారు 118 × 61 సెంటీమీటర్లు. ఎర్రటి దుస్తుల్లో లూట్ అనే తీగల వాద్యం వాయించేది ఆంబ్రోజియో పని అంటారు. ఆకుపచ్చ దుస్తుల్లో ఫిడేలు వంటి వాద్యం పట్టుకున్నది లియొనార్డో శిష్యబృందంలో మరొకరిది. పెద్ద చట్రం చెదిరిపోయింది. చర్చినే 1806లో కూల్చేశారు. విచిత్రంగా లూవ్ర్ బొమ్మ తన చెక్కను పోగొట్టుకున్నదీ అదే సంవత్సరం.

చెక్క తీసేసిన బొమ్మ

1806లో అకిన్ అనే నిపుణుడు లూవ్ర్ బొమ్మను పలక మీంచి కాన్వాస్ మీదికి మార్చాడు. ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో ఈ పని మీద మోజు ఉండేది. పద్ధతి స్థూలంగా ఇది. బొమ్మ ముఖానికి పలచని కాగితం, గుడ్డ పొరలు జిగురుతో అంటిస్తారు. బోర్లా తిప్పుతారు. వెనకనుంచి చెక్కను ముందు రంపంతో, తర్వాత చిత్రిక, ఉలులతో పొరపొరగా తీసేస్తారు. చెక్క మొత్తం పోయాక రంగు వేసే ముందు పలకకు పూసిన తెల్లటి అడుగు పూత, జెస్సో, బయటపడుతుంది. దాన్నీ తడిపి గీకి పలచబరుస్తారు, కొన్నిసార్లు మొత్తం తీసేస్తారు. అప్పుడు మిగిలేది రంగు పొర ఒక్కటే, మిల్లీమీటరులో చిన్న భాగం మందం. దాని వెనక కొత్త పూత వేసి కాన్వాస్ అతికిస్తారు. చివరికి ముఖం మీది కాగితాలు తడిపి ఊడదీస్తారు.

ఇందులో పోయేవి మూడు. ఒకటి, పలక వెనకభాగం. దాని మీద ఉండే ముద్రలు, సంఖ్యలు, పాత యజమానుల గుర్తులు, పలకల అతుకు, పురుగు రంధ్రాలు, రంపపు గాట్లు అన్నీ చెత్తబుట్టలో చేరతాయి. నూట నలభై ఏళ్ల ఖాళీ ఉన్న బొమ్మకు ఇది చాలా పెద్ద నష్టం. రెండు, ఉపరితలం. జిగురు తడికి, ఒత్తిడికి రంగు గట్లు అణిగిపోతాయి, కాన్వాస్ నేత రంగులోంచి పైకి తేలుతుంది. దాంతో బొమ్మ మెత్తగా, మసకగా కనిపించే వీలుంది. 'లూవ్ర్ బొమ్మలో మృదుత్వం చూడండి' అని వర్ణించేటప్పుడు అందులో లియొనార్డోది ఎంత, 1806 జిగురుది ఎంత అని అడగాలి. మూడు, జెస్సోకి అంటి ఉన్న తొలి గీతలు. గీతలు జెస్సో మీది పలచని పూతపై గీసి ఉంటే దక్కవచ్చు, జెస్సో మీదే గీసి ఉంటే దానితోపాటే పోతాయి.

పోప్లర్ పలక గురించి ఒక మాట. చెక్క వలయాలు లెక్కపెట్టి వయసు కట్టే పద్ధతి ఓక్ చెక్కకు చక్కగా పనిచేస్తుంది, అందుకే నెదర్లాండ్స్ బొమ్మలకు దాన్ని ధారాళంగా వాడతారు. ఇటలీవాళ్లు వాడిన పోప్లర్ వేగంగా పెరిగే చెట్టు. పలకలో వలయాలు తక్కువ, వెడల్పు, పోల్చడానికి సరిపడా పట్టికలూ లేవు. కనుక లండన్ పలకకు చెక్క ఉన్నా దాన్ని అడిగి సంవత్సరం రాబట్టలేం.

అడుగున దొరికిన ఇంకో బొమ్మ

2005లో నేషనల్ గ్యాలరీ తమ బొమ్మను ఇన్‌ఫ్రారెడ్‌లో చూసింది. కంటికి కనిపించే వెలుతురు కంటే పొడవైన తరంగాలు చాలా రంగుల్లోంచి దూసుకుపోయి తెల్లటి అడుగు పూతను తాకి తిరిగి వస్తాయి. బొగ్గు, మసి వంటి కార్బన్ పదార్థంతో గీసిన గీత ఆ తరంగాలను మింగేస్తుంది, నల్లగా కనిపిస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే ఇండియం గాలియం ఆర్సెనైడ్ సెన్సార్లు సుమారు 900 నుంచి 1700 నానోమీటర్ల దాకా చూస్తాయి.

దొరికింది ఎవరూ ఊహించనిది. పైబొమ్మకు సంబంధం లేని మరియమాత. మోకరిల్లి, ఒక చేయి రొమ్ముకు ఆనించి, ఇంకో చేయి బయటికి చాచి ఉంది. అంటే ఈ పలక మీద మొదట వేరే కూర్పు మొదలైంది, దాన్ని వదిలేసి, అప్పటికే లూవ్ర్ బొమ్మలో వాడిన కూర్పుకు తిరిగి వచ్చారు.

2019లో ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్‌తో, అనేక తరంగదైర్ఘ్యాల్లో ఒకేసారి చూసే హైపర్‌స్పెక్ట్రల్ ఇమేజింగ్‌తో పలక మొత్తాన్ని మళ్లీ స్కాన్ చేశారు. ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ ప్రతి బిందువులో ఏ మూలకం ఉందో పటం గీస్తుంది. ఆ గీతల్లో కొద్దిగా జింక్ ఉండటం కలిసొచ్చింది. జింక్ పటంలో గీతలు తేలాయి. వదిలేసిన తొలి కూర్పులో దేవదూత, బాల యేసు కూడా బయటపడ్డారు, ఇప్పటికంటే పైన. దేవదూత కిందికి వంగి బాలుడిని ఇంకా గట్టిగా పొదివి పట్టుకుని చూస్తున్నాడు. అడుగు పూతను అరచేత్తో తట్టి సమం చేసిన గుర్తులు కూడా కనిపించాయి. శిష్యుడి చెయ్యి కావచ్చు, గురువుదీ కావచ్చు.

ఈ చిత్రాలు చదవడంలో జరిగే పొరపాట్లు చెప్పుకోవాలి. ఇన్‌ఫ్రారెడ్‌లో నల్లగా కనిపించిందల్లా గీత కాదు. అజురైట్ అనే రాగి నీలం నల్లగా తేలుతుంది, లాపిస్ నీలం ఇంచుమించు పారదర్శకమవుతుంది. అందుకే మరియమాత అంగీ చదివేటప్పుడు ఏ నీలం ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. తర్వాతి శతాబ్దాల దిద్దుబాట్లు కూడా నల్లమచ్చలుగా వస్తాయి, వాటిని అతినీలలోహిత కాంతి కింద చూసి వేరు చెయ్యాలి. ఈ బొమ్మలో రాళ్ల నీడలు నల్లరంగుతో దట్టంగా వేసినవి, ఆ భాగాల్లో గీతలు దొరకకపోతే 'గీతలు లేవు' అనకూడదు, 'కనిపించవు' అనాలి. ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్‌లోనైతే సీసం పెద్ద బెడద. సీసంతో చేసే తెల్లరంగు సఫేదా అడుగు పూతలోనూ ఉంటుంది, పై రంగుల్లోనూ ఉంటుంది, అన్ని పొరల సంకేతమూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే పటంగా వస్తుంది. పటం చూసి 'ఇది పై పొరలోది' అని తీర్మానించే ముందు సూదిమొనంత నమూనా తీసి అడ్డకోత చూసుకోవడం మంచిది.

ఇక ఆ తొలి కూర్పుకు అర్థమేమిటి? నకలు తీసేవాడు నకలుతోనే మొదలుపెడతాడు, కొత్త ఊహతో మొదలుపెట్టడు. కాబట్టి లండన్ పలక మొదటి నుంచీ నకలుగా పుట్టలేదు. మొదటి బొమ్మ చేజారాక, బదులు బొమ్మగా లియొనార్డో కొత్తది తలపెట్టి, తర్వాత ఏదో కారణంతో పాత కూర్పుకు తగ్గాడు. చూసిన బొమ్మే కావాలని భక్తసమాజం పట్టుబట్టి ఉండొచ్చు. అది ఊహ. తగ్గాడన్నది మాత్రం పలకే చెబుతోంది.

వేలు, వలయాలు, కర్ర

కంటితో చూసే తేడాల్లో అందరూ మొదట పట్టుకునేది దేవదూత చూపుడువేలు. లూవ్ర్‌లో దేవదూత మనవైపు తిరిగి చూస్తూ కుడిచేత్తో యోహానును చూపిస్తాడు. మరియమాత తెరిచిన అరచేతికీ, బాల యేసు తలకూ నడుమ ఆ వేలు అడ్డంగా పోతుంది. లండన్‌లో ఆ చెయ్యి లేదు, చూపు కూడా లోపలికే. తల్లి అరచేయికీ బిడ్డ తలకూ నడుమ ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని కాసేపు చూస్తే వేలు ఎందుకు తీసేశారో అర్థమవుతుంది. చెయ్యి, తల, వాటి నడుమ గాలి, ఇంతే ఉన్నప్పుడు ఆశీర్వాదం బాగా తెలుస్తుంది. లూవ్ర్‌లో మూడు చేతులు ఒకదాని కింద ఒకటి పేరుకుని కన్ను తడబడుతుంది. ఇది అభిప్రాయమే, కానీ రెండు బొమ్మల్నీ చూసినవాళ్లు చాలామంది ఒప్పుకునే అభిప్రాయం.

లండన్ బొమ్మలో తలల వెనక బంగారు వలయాలున్నాయి, యోహాను భుజాన సన్నటి సిలువ కర్ర ఉంది. లూవ్ర్‌లో ఇవేవీ లేవు. దీన్ని పట్టుకుని 'లూవ్ర్ బొమ్మలో ఎవరు యేసో ఎవరు యోహానో తెలియక సమాజం వాళ్లు అభ్యంతరం చెప్పారు, అందుకే లండన్‌లో గుర్తులు పెట్టించారు' అనే కథ చాలా చోట్ల కనిపిస్తుంది. వలయాలు, కర్ర లియొనార్డో కాలం తర్వాత వేరెవరో చేర్చినవని నిపుణుల అభిప్రాయం. చేర్పులను తీసి పక్కన పెట్టకుండా రెండు కూర్పులను పోల్చితే ఇలాంటి కథలే పుడతాయి. ఏ పోలికైనా మొదలుపెట్టే ముందు రెండు పటాలు గీసుకోవాలి. ఒకటి అసలు రంగు మిగిలి ఉన్న భాగాలది, రెండోది తర్వాత తగిలించిన భాగాలది.

మొక్కల సంగతి కూడా ఇలాగే. లూవ్ర్‌లో పూలు, ఆకులు వృక్షశాస్త్రానికి సరిపోయేంత నికరంగా ఉంటాయని, లండన్‌లో అంత నికరం కాదని, రాళ్ల పొరల విషయంలోనూ అదే తేడా అని ఆ రంగాలవాళ్లు రాశారు. పరిశీలన నిజమే. దాన్నుంచి 'కాబట్టి లండన్‌ది లియొనార్డో కాదు' అనే దాకా గెంతడం తొందరపాటు. మొక్కలు శిష్యుడు వేసి, ముఖాలు గురువు వేసి ఉండొచ్చు. పని ఆగి ఆగి సాగిన పదిహేనేళ్లలో కొన్ని భాగాలు ముగింపు దాకా రాకపోయి ఉండొచ్చు. బాల యేసు వీపు మీద ఆనిన దేవదూత చెయ్యి దీనికి సాక్ష్యం. దగ్గరికి వెళ్లి చూస్తే అది చెయ్యి ఆకారంలో వేసిన ముదురు అడుగు రంగు మాత్రమే. వేళ్ల మీద చర్మపు రంగు ఎక్కనేలేదు. 1508లో చివరి 100 లీరాలు తీసుకున్నప్పుడు ఆ చెయ్యి అలాగే ఉంది.

ఎవరి చెయ్యి?

2008 నుంచి 2010 దాకా లండన్ బొమ్మను శుద్ధి చేశారు. 1948-49లో వేసిన వార్నిష్ పసుపెక్కి, మసకబారి నీడల్లోని లోతును మింగేసింది. పని నడిపింది ల్యారీ కీత్, క్యూరేటర్ లూక్ సైసన్. శుద్ధి తర్వాత గ్యాలరీ తన మాట మార్చుకుంది. అంతకు ముందు సహాయకుల చెయ్యి చాలా ఉందని నమ్మేవారు, ఇప్పుడు దాదాపు మొత్తం లియొనార్డోదే కావచ్చన్నారు. కొన్నిచోట్ల ముగిసి కొన్నిచోట్ల ముగియకపోవడం ఇద్దరు చిత్రకారుల తేడా కాదని, ఒకే చిత్రకారుడి పనిలోని దశలని వాళ్ల వాదం. 2011-12లో లండన్‌లో జరిగిన ప్రదర్శనలో రెండు బొమ్మలూ మొదటిసారి ఒకే గదిలోకి వచ్చాయి.

ముఖాల విషయంలో, ముఖ్యంగా దేవదూత తల విషయంలో గ్యాలరీ మాట ఒప్పుకోవచ్చు. నేలమీది మొక్కల విషయంలో జాగ్రత్తగా ఉండటం మేలు. వార్నిష్ కింద అందం బయటపడగానే అది గొప్పవాడి చెయ్యే అనిపించడం సహజం. శుద్ధి అయిన వెంటనే చేసే నిర్ణయాల్లో ఆ పక్షపాతం ఉంటుంది. బొమ్మను ముక్కలుగా చేసి ఒక్కో భాగానికి విడిగా పేరు రాయడం, పేరు పక్కన ఆధారం రాయడం ఇలాంటి చోట పద్ధతి. 'దేవదూత తల: లియొనార్డో, ఆధారం: మార్పులు, పొరల తీరు' అని రాసుకుంటే, రేపు ఒక ఆధారం కూలినా మిగతా పట్టిక నిలుస్తుంది.

లూవ్ర్ బొమ్మకు ఈ ప్రశ్న అంతగా రాదు. దాని దేవదూత ముఖానికి సంబంధించిన వెండి మొనతో గీసిన చిత్రం ట్యూరిన్‌లోని రాజ గ్రంథాలయంలో ఉంది, లియొనార్డో గీసిన వాటిలో మేటిదిగా పేరున్నది. దాన్ని బట్టి, శైలిని బట్టి ఆ బొమ్మను 1483 తర్వాతి మూడు నాలుగేళ్లలో పెడతారు.

మూడోదీ, నాలుగోదీ

రెండుతో ఆగదు. 1508 ఆగస్టు 18 నాటి ఒప్పందం ఒకటుంది. అప్పుడే చాపెల్‌లో నిలబెట్టిన బొమ్మను కిందికి దించి, ఆంబ్రోజియో చేత నకలు తీయించుకోవడానికి అందులో అనుమతి ఇచ్చారు. లియొనార్డో పర్యవేక్షిస్తాడు, నకలు అమ్మగా వచ్చింది పంచుకుంటారు. పాతికేళ్లు డబ్బు కోసం కొట్టుకున్న పనిలోంచి చివరికి కాస్త లాభం పిండుకునే ప్రయత్నం ఇది.

ఆ నకలు ఇవాళ ఉన్నవాటిలో ఏదన్నది తేలలేదు. మిలాన్ శివార్లలో అఫ్ఫోరిలోని సాంతా జుస్తీనా చర్చిలో ఒకటుంది. స్విట్జర్లాండ్‌లో ఒక ప్రైవేటు సేకరణలో 'షెరామీ' పేరుతో ఇంకొకటుంది. ఇలాంటి ప్రతి నకలు ముందుకొచ్చినప్పుడు మొదట చూడవలసింది దేవదూత చెయ్యి. వేలు చూపిస్తుంటే దాని మూలం లూవ్ర్ కూర్పు, చూపించకపోతే లండన్ కూర్పు. 1508లో చాపెల్‌లో ఉన్నది లండన్ బొమ్మే కనుక, ఆంబ్రోజియో తీసిన నకలుకు వేలు ఉండకూడదు. వలయాలు, కర్ర తర్వాత చేర్చినవే అయితే ఆ నకల్లో అవి కూడా ఉండకూడదు.